పునాది నాటి చొక్కా

బాలవ్వను చంపింది కిరణ్ పాలే. చంపి పారిపోయాడు. పోలీసులకు చేతకాలేదు. పదేళ్లుగా సాయిలు ఇదే చెబుతున్నాడు. ఇందులో వాదించడానికేమీ లేదు.

"అదంతా విన్న సాయిలూ. జర నేను చెప్పేది కూడా విను," అంది ఎస్సై జయంతి.

"చెప్పుర్రి మేడం. చెవులైతే ఉన్నయి."

కోకాపేటలోని ఆ టవర్ సెల్లార్‌లో ఉన్నది ఒక్కటే కుర్చీ. అది వాచ్‌మన్ సాయిలుది. ఇప్పుడు అందులో ఎస్సై వెంట వచ్చిన ముసలావిడ కూర్చుని ఉంది. తెల్లచీర, ఒళ్లో సంచి. పేరు దీనమ్మ. తెనాలిలో నర్సుగా పనిచేసి రిటైరయింది. కిరణ్ పాల్‌కు తల్లి.

ఆమె అక్కడ కూర్చోవడం సాయిలుకు గిట్టలేదు. ఆ కుర్చీ మూల పిల్లర్ పక్కన ఉంటుంది. గేటు దగ్గర గాలి వస్తుంది, అక్కడికి మారమని మేనేజర్ వినయ్ ఎన్నోసార్లు చెప్పాడు. సాయిలు మారలేదు. పైగా తంబాకు నమిలి ఆ పిల్లర్ మొదట్లోనే ఉమ్మేవాడు. కడిగిస్తే మళ్లీ ఉమ్మేవాడు.

"ఏందయ్యా, ఇంత బిల్డింగుల నీకు గీ పిల్లరే దొరికిందా?" అని వినయ్ అరిచేవాడు.

"గిదే సార్," అనేవాడు సాయిలు.

ఈ టవర్‌కు పునాది తీసినప్పుడు సాయిలు, అతని పెళ్లాం బాలవ్వ ఇక్కడే కూలీలు. కాంక్రీటు పోసే రోజు పొద్దున పునాదికి బలిగా మేకను కోశారు. మధ్యాహ్నానికి బాలవ్వ రేకుల షెడ్డు వెనక తల పగిలి పడి ఉంది. మెడలో పుస్తెలు లేవు. శవాన్ని పోస్టుమార్టానికి తీసుకుపోయారు. పని మాత్రం ఆగలేదు. లారీలు లైన్లో ఉన్నాయన్నాడు కాంట్రాక్టర్.

సూపర్‌వైజర్ కిరణ్ పాల్ చొక్కా మీద రక్తం సాయిలు తన కళ్లతో చూశాడు. ఆ చొక్కా తర్వాత పోలీసులకు షెడ్డులో దొరికింది. కిరణ్ పాల్ దొరకలేదు. తెల్లారేసరికి మనిషి లేడు.

ఆ రాత్రి కాంక్రీటు కుదించే మిషన్ పట్టుకున్నది సాయిలే. పెళ్లాం శవం దవాఖానలో ఉంటే వీడు పనికెలా వచ్చాడని తోటివాళ్లు విడ్డూరంగా చూశారు. ఇంటికి పోయి ఏం చేయాలె అన్నాడు సాయిలు. కాంట్రాక్టర్ భుజం తట్టాడు.

"ఆ చొక్కాను అప్పట్ల ఎవరూ ల్యాబుకు పంపలే," అంది జయంతి. "పాత కేసులు మళ్ల తీసినం. ఇప్పుడు పంపిన. అది మనిషి రక్తం కాదు. మేకది."

సాయిలు నవ్వాడు.

"మంచిగున్నది మేడం. వాళ్లు కిరస్తానోళ్లు, గుడి ప్రసాదమే ముట్టరు. బలిచ్చే మేక కాడికి పోతరా? నేను వాణ్నే అడిగిన. మేక దగ్గరికి పోయినవా అని ఒకటికి రెండుసార్లు అడిగిన. పోలేదన్నడు. మరి గా రక్తం ఎవరిది?"

"ఎప్పుడు అడిగినవ్?"

"గా దినమే. చీకటి పడ్డంక."

"నీ వాంగ్మూలంల ఇది లేదే."

"ఎవరన్న అడిగిండ్రా?"

దీనమ్మ తలెత్తింది.

"వాడు వెళ్లాడు బాబూ. మేక కాళ్లు పట్టుకోమని మేస్త్రీ బతిమాలితే కాదనలేకపోయాడంట. మధ్యాహ్నం ఫోన్ చేసి ఒకటే ఏడుపు. పాస్టర్ గారి అమ్మాయితో పెళ్లి ఖాయం చేసి ఉన్నామండి. ఈ సంగతి తెలిస్తే ఆగిపోద్దని భయం. ఎవరడిగినా వెళ్లలేదనే చెప్పరా అని నేనే అన్నాను. తర్వాత పోలీసులకి నిజం చెప్పాను. తల్లి మాట ఎవరు వింటారండి?"

సాయిలు జయంతి వైపు తిరిగాడు. "కొడుకును కాపాడుకుంటది. తల్లి గద."

"అందుకే ఆమె మాట నేను కూడా నమ్మలే. బాలవ్వ గోర్లు ల్యాబుల దాచి ఉన్నయి. వాటి కింద ఒక మగమనిషి చర్మం దొరికింది. పెనుగులాటల గీరింది. కొడుకు డీఎన్ఏల సగం తల్లిదే ఉంటది. ఈమె ఎంగిలి తీసి దాంతోటి పోల్చినం. కలవలే. ఆ చర్మం ఈమె కొడుకుది కాదు."

"అయితే ఎవడు?"

"జీడిమెట్లల గొలుసు దొంగతనం చేసి దొరికినోడు ఒకడు. అప్పట్ల మీ దగ్గర సెంట్రింగ్ పని చేసిండు. వాని డీఎన్ఏ కలిసింది. పుస్తెల కోసం చంపిన అని ఒప్పుకున్నడు. వాని అక్క మెడల దొరికినయి పుస్తెలు. నా సంచిల ఉన్నయి, చూస్తవా?"

సాయిలు చూడలేదు. నోట్లో తంబాకు ఊరి నిండింది. ఎప్పటిలా పిల్లర్ వైపు ముఖం తిప్పాడు.

అక్కడ దీనమ్మ నిలబడి ఉంది. మోకాళ్లు పట్టేసినట్టున్నాయి, పిల్లర్‌కు చెయ్యి ఆనించి లేచింది. కింద ఉన్న ఎర్రటి మరక ఆమె చీర అంచుకు అంటింది.

"మీ మీద నాకేం కోపం లేదు బాబూ," అంది. "భార్య పోయిన బాధలో అన్నారు. వాడు మీకు జడిసే ఎక్కడో దాక్కున్నాడండి. మీరొక్క మాట అనండి, ఫోన్లో తీసి నలుగురికీ పంపిస్తాను. 'నీ తప్పు లేదు, ఇంటికి వెళ్లు' అని. మీ నోటితో వింటే వస్తాడు. అంతే, ఇంకేం అడగను."

జయంతి ఫోన్ తీసింది. "చెప్పు సాయిలూ. ఒక్క మాటే గద. పదేండ్లు తిట్టినవ్."

సాయిలు నోట్లోది ఉమ్మలేదు. మింగాడు.

"ఇగ ఈ ముచ్చట నా దగ్గర ఎన్నడూ తియ్యకుర్రి," అన్నాడు. "నేను మాట్లాడ. చచ్చేదాంక మాట్లాడ."

దీనమ్మ ఇంకా పిల్లర్‌ను పట్టుకునే ఉంది.

కిరణ్ పాల్ దాని కిందే ఉన్నాడు.