ఉయ్యాల పక్కన ఆంప్లిఫయర్

"ఇంకా పెంచండి," అందామె.

"పాప లేస్తుంది," అన్నాడు గిటారిస్టు.

"లేవాలనే అంటున్నా."

తీగల మీద పెట్టిన వేలు తియ్యకుండా అతను భార్య ముఖంలోకి చూశాడు. ఎగతాళి కాదు. ఆ కళ్ళలో నిజంగానే బెదురుంది.

పాప పుట్టిన దగ్గర్నుంచీ ఆ ఇంట్లో ఎవరూ గొంతెత్తింది లేదు. కుక్కర్ కూత వెయ్యబోతుంటే ఆమె పరుగున వెళ్ళి స్టవ్ కట్టేసేది. అతనూ తన జాజ్ గిటారుకి వైరు తగిలించకుండా, ఉత్త చెక్క ఎంత పలికితే అంతే అనుకుని సాధన చేసుకునేవాడు. ఈ సాయంత్రం పెద్ద హోటల్లో మొదటిసారి వాయించాలి. తప్పనిసరై ఇవాళ మధ్యాహ్నం ఆంప్లిఫయర్ దుమ్ము దులిపాడు. స్విచ్చు బోర్డు ఉన్నది ఉయ్యాల పక్కనే. అప్పటిదాకా రాగం తీస్తున్న పాప, ఆ నల్లపెట్టె మోగడం మొదలయ్యేసరికి కళ్ళు మూతలు పడి నిద్రలోకి జారుకుంది.

అతను మురిసిపోయాడు. ఆమెకి మాత్రం గుండె జారింది.

"ఇంత మోతలో చెవులు వినబడే పిల్ల పడుకుంటుందా అండీ?"

"మోతేంటి? ఎంత మెత్తగా మీటుతున్నానో చూడు. ఇన్నాళ్ళూ ఆంప్ లేకుండా బాదీ బాదీ నా చెయ్యి మొరటుగా తయారైంది. దీనికి తగిలిస్తే వేలు అలా తాకితే చాలు. ఆ తాకడమే ఇప్పుడు మళ్ళీ నేర్చుకుంటున్నా."

"తర్వాత నేర్చుకుందురు గానీ, ముందు గట్టిగా కొట్టండి."

"నిన్న నేను చిటికేస్తే ఇటు తిరిగిందిగా?"

"చెయ్యి కనబడి తిరిగింది."

"పొద్దున నువ్వు పిలిస్తే నవ్వలా?"

"నా మొహం చూసి నవ్వింది."

"అది నిజమే. నాక్కూడా అప్పుడప్పుడూ నవ్వొస్తుంది," అన్నాడతను. ఆమె నవ్వలేదు.

వంటింట్లోంచి అత్తగారు చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. "నువ్వూరికే హైరానా పడకమ్మా. వీడూ పసివాడప్పుడు ఇంతే. పక్కింటి గోడ పడగొడుతుంటే నోరు తెరుచుకుని పడుకున్నాడు. ఆ గోడ పడిన చప్పుడే ఇప్పుడు మనకి వాయించి వినిపిస్తున్నాడు."

"అమ్మా!"

"ఉన్న మాటే కదరా."

కోడలు ఆ మాటలేవీ చెవిన వేసుకోలేదు. వంటింట్లోకి వెళ్ళి స్టీలు కంచం తెచ్చి నేల మీద జారవిడిచింది. కంచం గిరగిరా తిరిగి, గోల చేసి చేసి పడిపోయింది. అత్తగారు చెవులు మూసుకుంది. పాప నిద్రలోనే పెదవులు చప్పరించి, మళ్ళీ ప్రశాంతంగా ఊపిరి తీసింది.

ఈసారి అతను ఆంప్లిఫయర్ సౌండు పెంచి, వాయించడం మొదలుపెట్టాడు.

గట్టిగా కొట్టాలనే కూర్చున్నాడు గానీ, చెయ్యి మాట వినలేదు. స్వరాలు ఒకదాని వెనక ఒకటి తొందర లేకుండా వచ్చాయి. గది నిండా నీళ్ళు చేరినట్టు మోకాళ్ళ దాకా, నడుం దాకా, గొంతు దాకా పాట నిండింది. కిటికీ తెర ఊపిరి పీల్చుకున్నట్టు ఉబ్బి, మెల్లగా వాలింది. నేల మీద ఎండ అలలు అలలుగా కదిలింది. ఉయ్యాల తాడు తెగిన పడవలా ఎటో తేలిపోతున్నట్టు తోచిందామెకి. తను ఒడ్డున నిలబడి పిలుస్తోంది. పడవలో పిల్లకి పిలుపు అందడం లేదు. ఇన్నాళ్ళూ ఒళ్ళో వేసుకుని పాడిన జోలలన్నీ గాలిపాలేనా? రేపు ఇది అమ్మా అనాలంటే, ఆ మాట ఎవరి నోట విని నేర్చుకుంటుంది?

వంగి, పాప చెవికి నోరు ఆనించి పిలిచింది. "బుజ్జులూ."

కనురెప్ప కదల్లేదు.

ఆమె కళ్ళలోంచి బొట్టు జారి పాప చొక్కా మీద పడింది. అతని వేళ్ళు ఆగిపోయాయి. పాట ఆగినా, ఎక్కడో దూరంగా తుమ్మెద తిరుగుతున్నట్టు ఆంప్లిఫయర్ సన్నగా రొద పెడుతూనే ఉంది.

"రేపు పొద్దున్నే డాక్టరుకి చూపిద్దాం," అన్నాడు. ఆ గొంతులో ఇందాకటి పరాచికం లేదు.

"రేపటిదాకా నేను బతకలేనండీ."

అతను గోడ గడియారం వంక చూశాడు. కుర్చీకి వేలాడుతున్న ఇస్త్రీ చొక్కా వంక చూశాడు. తర్వాత గిటారుని పసిబిడ్డని పడుకోబెట్టినట్టు పెట్టెలో పడుకోబెట్టి మూత వేశాడు.

"హోటల్‌కి ఫోన్ చేసి రానని చెప్తాను. పద."

"మళ్ళీ పిలుస్తారో లేదోరా," అంది అత్తగారు, ఈసారి మెల్లగా.

"పిలవకపోతే మానె. గోడలు పడగొట్టుకుంటా."

ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుని పాప సంచీ సర్దింది. అత్తగారు దుప్పటి మడత విప్పి పట్టుకుంది. పాపని నిద్రలోనే ఎత్తుకుని వెళ్ళిపోదామనుకున్నారు. బయల్దేరే ముందు అతను వంగి ఆంప్లిఫయర్ స్విచ్చు ఆపాడు. తుమ్మెద రొద తెగిపోయింది. ఇల్లు మళ్ళీ ఎప్పటిలా చీమ చిటుక్కుమన్నా వినబడేంత సద్దుమణిగింది.

ఆ నిశ్శబ్దానికి పాప ఉలిక్కిపడి లేచి, కెవ్వుమంది.