పట్టుకోవద్దన్న చెయ్యి

తెల్లవారేసరికి సింగపూర్‌లోని పుంగ్గోల్ కాలువ మీద సన్నటి ఆవిరి తేలుతుండేది. గట్టు మీద ఇద్దరు ముసలివాళ్లు చేతులు పట్టుకుని నడుస్తుండేవాళ్లు.

ఆ ఇద్దరిలో ఒకడైన వెంకటరాముడికి అదంతా కలలాగే ఉండేది.

మలేసియాలో పుట్టి, పొట్ట చేతపట్టుకుని సింగపూర్ వచ్చి, బస్సు నడిపి రిటైరైన మనిషి. పెళ్లై నలభైనాలుగేళ్లు. అన్నేళ్లలో నలుగురి ముందు రాజామణి చెయ్యి పట్టుకున్నది ఒక్కసారే. అదీ పురోహితుడు పట్టించాడు కాబట్టి.

వాళ్ల ఇళ్లలో అలాంటివి లేవు. గుడికి వెళ్లినా ఆయన నాలుగడుగులు ముందు, ఆమె నాలుగడుగులు వెనక.

రెండేళ్ల కిందట ఆమెకు కుడి మోకాలి నొప్పి మొదలైంది. గుజ్జు అరిగిందన్నాడు డాక్టరు.

అరిగిందనగానే వెంకటరాముడి కళ్లముందు బస్సు టైరు తిరిగింది. వాడకం తగ్గిస్తే మిగిలినది నిలుస్తుందనుకున్నాడు.

ఆ రోజు నుంచి ఇంట్లో ఆమెను కాలు కింద పెట్టనివ్వలేదు. కాఫీ కలిపి చేతికిచ్చాడు. బట్టలు ఆరేశాడు. కుర్చీలోంచి లేవబోతే చెయ్యి అందించాడు. ఆ చెయ్యి లిఫ్టు దాకా, మార్కెట్టు దాకా, కాలువ గట్టు దాకా వదల్లేదు.

ఎవరూ వింతగా చూడలేదు. పాపం, మోకాలు కదా అనుకున్నారు.

ఆయన మహా సంతోషంగా ఉన్నాడు. నొప్పి మాత్రం పెరిగింది.

చివరికి మనవరాలు మాలిని పోరు పడలేక ఫిజియోథెరపీకి వెళ్లారు. అక్కడ కీర్తిక అనే అమ్మాయి రాజామణి తొడ నొక్కి చూసి, కండలో బలమే లేదంది. రోజూ కుర్చీలోంచి చేతి సాయం లేకుండా పదిసార్లు లేవాలట. నడక కొద్దికొద్దిగా పెంచాలట. కాస్త నొప్పెట్టినా భయపడక్కర్లేదట.

వెంకటరాముడు తన టైరు సిద్ధాంతం గొప్పగా చెప్పాడు.

ఆ అమ్మాయి నవ్వింది.

"మోకాలు టైరు కాదు, అంకుల్. వాడకపోతేనే ఇంకా వీక్ అవుతుంది. ఇకనుంచి మీరు చెయ్యి పట్టుకోవద్దు."

ఆయన తలూపాడు గానీ ప్రాణం ఉసూరుమంది. పెళ్లాం బాగుపడుతుందంటే దిగులుపడే మొగుడుంటాడా అని తనను తానే తిట్టుకున్నాడు.

మూడు నెలలు సోఫాలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

ఎదురుగా ఆమె లేచేది, కూర్చునేది, మళ్లీ లేచేది. ఏడోసారికి కాలు వణికేది. ఆయన చేతులు వాటంతటవే ముందుకు వెళ్లేవి.

వద్దన్నట్టు ఆమె తల అడ్డంగా ఊపేది.

కాలువ గట్టు మీద ఇద్దరి మధ్యా మళ్లీ జానెడు ఖాళీ వచ్చింది. తర్వాత మూరెడు.

ఇవాళ పొద్దున్నే ఆమె కాలువ మీది వంతెన తనంతట తాను ఎక్కింది. ఎక్కడా ఆగలేదు. నీళ్లు లేత గులాబి రంగులో ఉన్నాయి. దూరంగా పైవంతెన మీద చిన్న రైలు చప్పుడు లేకుండా సాగిపోయింది.

వెంకటరాముడు పక్కనే నడిచాడు, ఖాళీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి కట్టుకుని.

వంతెన మధ్యలో పక్క బ్లాకు ఉదయశ్రీ ఎదురైంది. ఆంటీ ఎంత బాగా నడుస్తున్నారో, మోకాలి నొప్పి పూర్తిగా తగ్గినట్టేనా అని అడిగింది.

రాజామణి ఓరకంట మొగుడి ఖాళీ చేతులవైపు చూసింది.

"ఎక్కడమ్మా, నొప్పి ఇంకా అలాగే ఉంది" అంది, మొగుడి చెయ్యి పట్టుకుంటూ.