కోట తలుపు

"తలుపు వెయ్యరా లూకా! శత్రువులు వంతెన దాటేశారు!" సోఫా అంచుకు జరిగి గావిన్ అరిచాడు.

టీవీ ఆటలో ఆ ఊరు ఇద్దరిదీ. గోడలు, విలుకాళ్లు గావిన్ వంతు. పొలాలు, రొట్టెల బట్టీలు, కోట తలుపు లూకా వంతు. కూతురు టామ్సిన్‌ను పెళ్లాడతానన్న కుర్రాడికి గావిన్ పెట్టిన పరీక్ష ఇది.

"పొలంలోవాళ్లు ఇంకా బయటే ఉన్నారండీ."

"వాళ్లు పోతే మళ్లీ పుట్టించుకోవచ్చు. నా గోడ చూడు, ఎంత కష్టపడి కట్టానో!"

"ఒక్క ముసలమ్మే మిగిలింది. బాతును తోలుకొస్తోంది."

"బాతు కోసం రాజ్యం వదులుతావా, సన్నాసీ?"

"నాన్నా, ఆటే కదా! తిట్లెందుకు?" అంది టామ్సిన్.

ముసలమ్మ లోపలికొచ్చింది. వెనకే శత్రువులూ వచ్చారు. ఊరంతా తగలబడింది. గావిన్ గోడలు మాత్రం చెక్కుచెదరలేదు.

"నావల్లే ఓడిపోయామండీ. ఇక బయల్దేరతాను," అంటూ లూకా లేచాడు.

గావిన్ కాసేపు బూడిదలో తిరుగుతున్న బాతునే చూశాడు.

"మా పిల్ల ఎక్కడికైనా అందరికన్నా ఆఖర్న వస్తుంది," అన్నాడు. "నువ్వైతే తలుపు వెయ్యవన్నమాట."

పెరట్లో మాంసం కాల్చే బార్బెక్యూ పొయ్యి దగ్గర ఇంతవరకూ ఎవర్నీ ముట్టుకోనివ్వని పట్టకారును తెచ్చి లూకా చేతిలో పెట్టాడు.

"సాసేజీలు మాత్రం తగలెయ్యకు."