మళ్లీ అదే కోర్సు

ప్రత్యూష మొగుడికి మాటలు రాక కాదు, అన్నీ అల్లూరు రొయ్యల గుంటల దగ్గరే ఖర్చయిపోయేవి. ఇంటికి మిగిలేది "ఊఁ" ఒక్కటే. అందుకే ఆ ఉదయం పెంచలప్రసాద్ నోరు విప్పి ప్రశ్న వేసేసరికి, నెల్లూరు బస్సుకు బయల్దేరిన ఆమె గడపలోనే ఆగిపోయింది.

"కంప్యూటర్లో ఆ డేటాబేస్ అడ్వాన్స్‌డ్ కోర్సు పోయినేడాదే అయిపోయింది గదా? మళ్లీ అదే ఎందుకు? మానెయ్."

"ఈసారి బాగా నేర్చుకుందామని."

"పోయిన తూరి ఫస్టొచ్చినావు! నిజం చెప్పు."

ప్రత్యూష బ్యాగు కింద పెట్టింది.

"క్వెరీ రాయగానే సారు 'అర్థమైందా అక్కా' అంటాడు. మధ్యాహ్నం పక్క సీటు రోజా 'తిన్నావా' అంటాది. ఆ రెండు మాటల కోసం పోతున్నా."

"ఇంట్లో నేను లేనా?"

"ఎందుకు లేరూ? పొద్దున్నే గుంటలో మేత పళ్లెం పైకి లాగి, రొయ్యలు తిన్నాయో లేదో చూసొస్తారు. నన్నెప్పుడన్నా అడిగినారా?"

బయట బస్సు హారన్ కొట్టింది. పెంచలప్రసాద్ వంగి బ్యాగు తీసి, ఆమె భుజానికి తగిలించాడు.

"తప్పు నాదే ప్రత్యూషా," అన్నాడు. "రొయ్యల పాటి కూడా నిన్ను చూసుకోలా."