ఆటలో తగిలిన దెబ్బ

"డబ్బు తీసుకుని కాళ్ళు విరగ్గొట్టేవాడు మన జట్టుకొద్దు," అన్నాడు క్లోవిస్.

క్లోవిస్ ఓడల్ని లాగే టగ్గు పడవ నడిపే మనిషి. అతను గొంతెత్తితే యూలా బారులో మిగతావాళ్ళు గొంతు తగ్గిస్తారు. హార్లన్ మాత్రం తగ్గించలేదు.

"ప్రూయెట్ డబ్బు తీసుకోలేదన్నా."

శుక్రవారం సాయంత్రం. ఈస్టరు ముందు ఉపవాసాల రోజులు, మాంసం కూడదు, నీళ్ళలో బతికేవైతే తినొచ్చు. బల్ల మీద పాత పేపర్లు పరిచి పెద్ద రొయ్యల్లాంటి క్రాఫిష్ ఉడికించి కుప్పగా పోసింది యూలా. తలలు విరిచి జుర్రుకుంటున్నారు గానీ ఎవరి మనసూ తిండి మీద లేదు.

ఆ వారం రెండు కబుర్లు ఒకేసారి వచ్చాయి. ప్రూయెట్ ఇదివరకు ఆడిన అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో కోచ్‌లు చాటుగా ఒక నిధి నడిపారట. ఎదుటి ఆటగాణ్ణి స్ట్రెచర్ మీద పంపించినవాడికి కవర్లో డబ్బు. అది మొదటిది. ముప్పై ఎనిమిదేళ్ళ ఆ ప్రూయెట్‌నే మన జట్టు తీసుకోబోతోంది. ఇది రెండోది.

రేపు స్టేడియం గేటు ముందు నిలబడి ప్రూయెట్ వద్దని కేకలు వెయ్యాలా, వద్దా? అది తేల్చుకోవడానికే అభిమానులంతా చేరారు.

వెల్డింగు పని చేసే ఆల్సిడ్ గోల వేరు. డబ్బు సంగతి దేవుడెరుగు, ముసలాడు మనకెందుకన్నాడు. వాడు ఈ చివరి నుంచి ఆ చివరికి పరిగెత్తేలోపు మా అమ్మమ్మ చర్చికి వెళ్ళి వచ్చేస్తుందన్నాడు. అందరూ నవ్వారు. హార్లన్ కూడా నవ్వాడు.

వయసు గురించి ఎన్నన్నా హార్లన్ పడతాడు. డబ్బు మాట దగ్గరే అతనికి ఊపిరాడదు. అతనికి కావలసింది ఒకటే. ఆ దెబ్బ డబ్బు కోసం కొట్టింది కాదని ఈ బారులో ఒక్కరైనా ఒప్పుకోవాలి.

గోడ మీది టీవీలో అదే పాత దృశ్యం తిప్పి తిప్పి వేస్తున్నారు. పన్నెండేళ్ళ కిందటి ఆట. ఎదుటి జట్టులో అప్పుడే చేరిన ఒక కుర్రాడు గాల్లోకి ఎగిరి బంతి అందుకుంటాడు. ప్రూయెట్ పక్క నుంచి దూసుకొచ్చి భుజంతో మోకాలి మీద గుద్దుతాడు. కుర్రాడి ఎడమ కాలు వంగకూడని వైపుకి వంగుతుంది. హెల్మెట్‌లో మొహం కనపడదు.

ఆ క్షణం వచ్చినప్పుడల్లా యూలా మొహం తిప్పేసుకుంటోంది. హార్లన్ రెప్ప వెయ్యకుండా చూస్తున్నాడు.

"చూడన్నా. బంతి చేతికందాకే గుద్దాడు, అది రూలే. రిఫరీ ఈల కూడా వెయ్యలేదు. ఆటలో తగిలిన దెబ్బే అది."

"మోకాలికే ఎందుకు గుద్దాడు మరి?"

"వానకి గడ్డి మీద కాలు జారింది. లేకపోతే నడుముకే తగిలేది."

అంతటితో ఆగలేదు. పడగొట్టాక ప్రూయెట్ అందరిలా గంతులు వెయ్యలేదన్నాడు. ఆ కుర్రాడి పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడన్నాడు. వాడి గుండె మీద చెయ్యి వేసి, "కిందికి చూడకు తమ్ముడూ, నా మొహంలోకి చూడు" అని స్ట్రెచర్ వచ్చేదాకా అంటూనే ఉన్నాడన్నాడు. డబ్బు కోసం కొట్టినవాడు అలా అంటాడా?

"అంత హోరులో ఆ మాట నీకెలా వినపడిందిరా?" అన్నాడు క్లోవిస్. "వాడి జేబులో కూర్చున్నావా?"

"ఎక్కడో చదివాను," అన్నాడు హార్లన్.

మళ్ళీ నవ్వులు. హార్లన్ పిచ్చి అందరికీ తెలిసిందే. మిసిసిపీ నుంచి వచ్చి ఇక్కడి రొయ్యల రేవులో తూకం దగ్గర కూర్చున్నప్పటి నుంచీ ఇదే వరస. ప్రూయెట్ ఏ జట్టులో ఉంటే అదే ఇతని జట్టు. ప్రూయెట్ కప్పు గెలిచిన రోజున బారులో అందరికీ తనే పోయించాడు. వాడేమన్నా నీకు పిల్లనిచ్చిన మామా అని ఆల్సిడ్ ఎప్పుడూ ఏడిపిస్తుంటాడు. హార్లన్ ఏమీ అనుకోడు.

ఇవాళ మాత్రం బతిమాలాడు. ఒక్కొక్కరి చెయ్యీ పట్టుకుని బతిమాలాడు. చివరికి క్లోవిస్ దగ్గరకొచ్చాడు.

"రేపు వెళ్ళి కేకలు వేసుకోండి అన్నా, నేనొద్దనను. డబ్బుకి కొట్టలేదని ఒక్క మాట అను చాలు."

క్లోవిస్ నవ్వడం మానేశాడు. చేతిలో క్రాఫిష్ కింద పెట్టేశాడు.

"వాడు తీసుకుంటే నీకేంటి, తీసుకోకపోతే నీకేంటిరా? నువ్వెందుకిలా అయిపోతున్నావు?"

హార్లన్ నోరు తెరిచాడు.

అంతలో యూలా టీవీ సౌండు పెంచింది. తెర మీద ప్రూయెట్. కణతల దగ్గర జుట్టు నెరిసింది. పక్కన లాయరు. బల్ల వైపు చూస్తూ చెప్పాడు. నిజమే, తీసుకున్నాను. ఆ దెబ్బకి కవర్లో వెయ్యి డాలర్లు ఇచ్చారు. ఆ కుర్రాడి పేరు గుర్తు లేదు. ఎక్కడున్నా క్షమించమని అడుగుతున్నాను. ఓపిక ఉంది, ఇంకొక్క ఏడాది ఆడాలని ఉంది.

"వెయ్యేనా?" అన్నాడు ఆల్సిడ్. "నా పడవకి మోటారు కూడా రాదు."

రేపు గేటు ముందు కేకలు వెయ్యడానికి ఎవరూ అడక్కుండానే చేతులు లేచాయి. లెక్కపెట్టే పని లేకపోయింది.

యూలా విస్కీ గ్లాసు తెచ్చి హార్లన్ ముందు పెట్టింది. భుజం తట్టింది.

"పోనీలే నాయనా. వాడేమన్నా నీకు చుట్టమా?"

హార్లన్ గ్లాసు ముట్టుకోలేదు. బల్ల కిందికి రెండు చేతులూ పోనిచ్చి, పన్నెండేళ్ళ కిందట ఆ ఆటలో విరిగి ఉక్కు కడ్డీతో అతుక్కున్న తన ఎడమ మోకాలిని గట్టిగా పట్టుకున్నాడు.