ఊపిరి సంజీవని

ఇప్పపూలు రాలే కాలంలో ఒక నక్క ఉన్నట్టుండి వైద్యుడైపోయింది. పులిసిన ఇప్పపూల రసాన్ని సొరబుర్రల్లో పోసి, "ఊపిరి సంజీవని! దగ్గు, ఆయాసం, క్షయ, అత్తాకోడళ్ల పోరు, అన్నిటికీ ఒకటే మందు!" అని అడవంతా చాటింది. "తాగాను, బతికాను!" అని పక్కనే చిలుక సాక్ష్యం చెప్పింది. ఆ చిలుకకు జన్మలో దగ్గు రాలేదు.

ముసలి ఎలుగుబంటికి ఏడాదిగా రొమ్ములో పిల్లికూతలు. దాచుకున్న తేనెకుండ నక్కకిచ్చి ఒక బుర్ర తెచ్చుకుంది. తాగి హాయిగా పాటలు పాడింది. మైకం దిగగానే మళ్లీ దగ్గింది.

"ఇంకో బుర్ర పడాలి మామా!" అంది నక్క. ఎలుగు ఇంకో కుండ ఇచ్చింది.

తొలకరిలో తడిసి నక్కకే దగ్గు పట్టుకుంది. ఎలుగు పలకరించడానికి వెళ్లేసరికి, అది తేనెలో మిరియాల పొడి కలుపుకుని నాకుతోంది. చుట్టూ నిండు సొరబుర్రలు.

"అదేంటి అల్లుడూ, నీ మందు తాగవేం?"

"ఊరుకో మామా, నాకొచ్చింది నిజం దగ్గు!" అనేసి నక్క నాలుక కరుచుకుంది.

ఎలుగు తానిచ్చిన తేనెకుండ తీసి చంకన పెట్టుకుని, ఒక సొరబుర్ర నక్క ముందుకు జరిపింది.

"తాగు అల్లుడూ. సాక్ష్యానికి చిలుకను పిలుస్తా."