పెద్ద చక్రాల పెట్టె

బస్సు దిగిన చోటి నుంచి రైల్వే పార్సిల్ ఆఫీసు మూడు కిలోమీటర్లు. టైము మూడున్నర. ఐదింటికల్లా ఆమె అక్కడ ఉండాలి.

"పైపుల కోసం రోడ్డంతా తవ్వి పడేశారమ్మా. ఆటోలు పోవు" అన్నాడు ఆటో అతను. ఆమె ఎడమకాలు చూసి, "నడుద్దామన్నా..." అని నాలుక కరుచుకున్నాడు.

"నడిచేదెవరు?" అంది ఆమె.

తన బూడిదరంగు చక్రాల సూట్‌కేసు పెట్టెకున్న పిడిని పైకి లాగింది. పెట్టె మీద ఎక్కి కూర్చుని బొటనవేలితో మీట నొక్కింది. పెట్టె గుర్రుమని కదిలింది. ఆటో అతను నోరు తెరుచుకుని ఉండిపోయాడు.

అది తమ్ముడు పంపిన పెట్టె. దూరాన వేరే నగరంలో, ఇలాంటి పెట్టెలు చేసే ఫ్యాక్టరీలో వాడు బ్యాటరీలు బిగిస్తాడు. గీత పడిందని పక్కన పడేసిన దాన్ని సూపర్‌వైజర్ కాళ్లావేళ్లా పడి సంపాదించాడు. "నీకు కారు కొనలేనక్కా. దీని మీద తిరుగు" అన్నాడు. అప్పటిదాకా కుట్టుమిషనూ నాలుగు గోడలే లోకంగా బతికిన మనిషి ఆమె.

రెండు నెలలు తిరిగాక ఫోన్లో సణిగింది. "చక్రాలు మరీ చిన్నవిరా. గుంటలో దిగితే లేవడం లేదు."

"ఈసారి పెద్ద చక్రాలది నేనే తెస్తాలే."

ఆ తర్వాత పది రోజులకు వాడి ఫోను మూగబోయింది. రెండు రోజులు ఆమెకు ముద్ద దిగలేదు. నిన్న పొద్దున, వాడితో గదిలో ఉండే స్నేహితుడు ఫోన్ చేశాడు. జలుబు చేసినట్టు అతని గొంతు ముద్దగా ఉంది.

"అక్కా... మనవాడి పెట్టె రేపు సాయంత్రం బండికి వస్తోంది. ఐదింటికల్లా పార్సిల్ ఆఫీసుకి రండి. నంబరు చెప్తా, రాసుకోండి."

"పెట్టె సరే, వాడేడి? ఫోనెత్తడేం?"

"ఫోను కాలిపోయిందక్కా."

"చార్జింగ్ పెట్టి మాట్లాడకురా అంటే వింటాడా! ఇంతకీ వాడు వస్తున్నాడా, లేదా?"

అవతల అతను ముక్కు ఎగబీల్చాడు.

"వస్తున్నాడక్కా. దాంతోనే వస్తున్నాడు. మీరు ఎవరినైనా తోడు తెచ్చుకోండి."

"తోడెందుకు, నాకు బండి ఉందిగా!"

వాణ్ణి చూసి మూడేళ్లయింది. వెళ్లిన రోజు సాగనంపడానికి బయల్దేరి, కాలీడ్చుకుంటూ స్టేషను చేరేసరికి బండి కదిలిపోయింది. చివరి నిమిషం దాకా తలుపు దగ్గరే నిలబడి చూశాడని ఎవరో చెప్పారు. అది ఆమెను ముల్లులా పొడుస్తూనే ఉంది. ఈసారి వాడు దిగేసరికి తను అక్కడ ఉండి తీరాలి.

రోడ్డు రోడ్డులా లేదు. ఒక పక్క మట్టిదిబ్బలు, ఇంకో పక్క కంకర. ప్రతి రాయికీ పెట్టె ఎగిరిపడుతోంది, నడుము విరుగుతోంది. లోపల వాడి కోసం కుట్టిన చొక్కా ఉంది. మూడేళ్ల కిందటి కొలతలు. ఒళ్లు చేశాడో చిక్కిపోయాడో తెలియదు. వదులు చేసుకోవడానికి పనికొస్తుందని కుట్టు లోపల గుడ్డ ఎక్కువే వదిలింది.

"ఏమమ్మోయ్, పెట్టె నిన్ను మోస్తోందా, నువ్వు పెట్టెను మోస్తున్నావా?" పళ్లబండి అతను అరిచాడు.

"ప్రస్తుతానికి అదే మోస్తోంది. ఆగిపోతే నిన్ను పిలుస్తాలే!"

మలుపులో కానిస్టేబుల్ చెయ్యి అడ్డం పెట్టాడు. "దీనికి లైసెన్సుందా?"

"పెట్టెకి తాళంచెవి ఉంటుంది గానీ లైసెన్సెక్కడుంటుంది సార్?"

అతను నవ్వాపుకుని పొమ్మన్నాడు.

బ్యాటరీ దీపాలు నాలుగు. మూడు ఆరిపోయాయి. కింద పెట్టె వేడెక్కి కాలుతోంది. కాలువ మీది ఇనుపచువ్వల మధ్య ముందు చక్రం ఇరుక్కుంది. ఆమె బోర్లా పడింది. మోకాలు చీరుకుపోయింది. చుట్టూ జనం నవ్వారు. ఒకడు ఫోన్లో వీడియో తీశాడు. ఎవరూ చెయ్యి అందించలేదు.

చక్రం ఊడి వచ్చింది. నాలుగో దీపమూ ఆరింది.

మిగిలిన దూరం ఆమె పెట్టెను ఈడ్చింది. పెట్టె బరువు, కాలు బరువు. నాలుగు అడుగులకోసారి ఆగింది. "వస్తున్నాన్రా, దిగి ఎక్కడికీ పోకు" అని వాడితో పైకే మాట్లాడింది.

పార్సిల్ ఆఫీసు గడప తొక్కేసరికి ఐదుకు ఐదు నిమిషాలు. బండి అప్పటికే వచ్చి ఆగింది.

ఆమె నంబరు రాసిన కాగితం ఇచ్చింది. గుమాస్తా రిజిస్టరులో చూశాడు. ఆమెను చూశాడు. కుర్చీలోంచి లేచి, దాన్ని ఆమె వైపు జరిపాడు.

"కూర్చో తల్లీ."

తన కోసం కుర్చీ ఖాళీ చేసిన గుమాస్తాను ఆమె ఇంతవరకూ చూడలేదు. మోకాలి నెత్తురు చూసి జాలిపడ్డాడు కాబోలు అనుకుంది.

"సంతకం వచ్చా?"

"చదవడం కూడా వచ్చు. మా తమ్ముడు ఫోన్లోనే నేర్పాడు. కాస్త తొందరగా ఇవ్వండి బాబూ, వాడు బయట నాకోసం వెతుక్కుంటుంటాడు."

గుమాస్తా తల దించుకుని రసీదు ముందుకు తోశాడు.

ఆమె ఒక్కో అక్షరమూ దిద్ది సంతకం పెట్టింది. తర్వాత పై వరుస మీద వేలు పెట్టి కూడబలుక్కుంది. "పె...ట్టె... ఒక...టి." మాట నిలబెట్టుకున్నాడు, వెధవ. నవ్వుకుంటూ వేలును రెండో వరుస మీదికి జరిపింది.

గుమాస్తా ఆమె వెనక ఖాళీగా ఉన్న వరండా వైపు చూసి, నెమ్మదిగా అడిగాడు.

"ఒక్కదానివే వచ్చావేంటి తల్లీ, మోయడానికి నలుగురు కావాలి కదా?"